పెద్దమ్మ పంపని కత్తిరింపులు

షికాగో
1973 ఫిబ్రవరి 18

లూవీనియా పెద్దమ్మకి,

నువ్వు పంపిన ఉన్ని మేజోళ్లు అందాయి. ఒక జత వేసుకుని, ఇంకో జత ఆరబెట్టి, రోజు మార్చి రోజు నడుపుతున్నాను.

మేబ్రీ మాస్టారు మేయర్‌కి నిలబడ్డారని నువ్వు రాసిన ఉత్తరం మా ప్రొఫెసర్ హాల్వర్సన్ గారికి చదివి వినిపించాను. బెల్ ఫెర్రీ మేయర్ కుర్చీకి నల్లవాడు పోటీ చెయ్యడం ఇదే మొదటిసారి అంటే ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. మార్చి పదకొండున కోర్టు ముందు పచ్చికలో మాస్టారు రంగు గురించే దాచకుండా మాట్లాడబోతున్నారంటే, ఇంకా దగ్గరికి జరిపారు.

క్రిస్మస్‌కి వచ్చినప్పుడు "పేపర్లు చదివితే జీతమిస్తారా?" అని నవ్వావు. నా పని ఇదీ. నల్ల అభ్యర్థి నిలబడి రంగు గురించి నోరు విప్పి మాట్లాడితే, ఆ తర్వాత పేపర్లు అతని గురించి రాసే తీరు మారుతుందా? మారుతుందని కొందరు, మారదని కొందరు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. లెక్కపెట్టి చూసినవాళ్లు లేరు. మేము ఒక్కో వార్తకి ఒక్కో కాగితం తీసుకుని గడులు నింపుతాం. మొదటి వాక్యం దేని గురించి? అతను చేస్తానన్న పని గురించా, పాత గొడవ గురించా? పేరు ముందు మిస్టర్ ఉందా? ఇలా పద్దెనిమిది గడులు.

హెరాల్డ్ పేపరు మా లైబ్రరీకి రాదు. నీ ఇంటికి వస్తుంది. మాస్టారి గురించి వచ్చినవాటిలో నీకు తోచినవి కత్తిరించి పంపు. ఫ్యాక్టరీలో రోజంతా కాలర్లు కుట్టి వస్తావు, దీనికి మళ్లీ శ్రమ పెట్టుకోకు. వెనకవైపు పెన్సిల్‌తో తేదీ వెయ్యి చాలు. నేను చూడకుండా పక్క బల్ల అమ్మాయి దాని మీద కాగితం ముక్క అంటిస్తుంది. ప్రసంగానికి ముందుదో తర్వాతదో తెలిస్తే నా చెయ్యి ఒక వైపుకి మొగ్గుతుందని అలా చేస్తారు.

ఈ పని నిలబడితే రెండేళ్ల స్కాలర్‌షిప్ వస్తుంది. లేకపోతే జూన్‌లో నీ పక్క మిషను దగ్గరికే వస్తాను. చోటు ఉంచు, కానీ ఊడ్చి పెట్టకు.

నీ జోయెటా


బెల్ ఫెర్రీ, మిసిసిపి
మార్చి 14

జోయెటా తల్లికి,

చదువుకున్నకొద్దీ నీ చేతిరాత పాడవుతోంది. "ఊడ్చి పెట్టకు" అన్నది మూడుసార్లు చదివాను.

ప్రసంగం రోజు దాకా వచ్చినవి ఇందులో నలభై ఒకటి ఉన్నాయి. జనవరి నుంచి దాచినవే. చూడు, మొదటి మాట ఎప్పుడూ అరవై ఎనిమిదిలో మనవాళ్లు డెంటన్ కొట్లో కొనడం మానేసిన ఆ బాయ్‌కాటే. మాస్టారు వీధి దీపాలన్నా అదే, మురుగు కాలువలన్నా అదే. "డెంటన్ కిరాణా కొట్టు మూతపడటానికి కారణమైన బాయ్‌కాట్ నాయకుడు హోరేస్ మేబ్రీ" అని మొదలు. ఆ బాయ్‌కాట్ వల్ల ఆయనకి స్కూల్లో బ్యాండు నేర్పే ఉద్యోగం పోయి ఐదేళ్లుగా చెప్పులు కుడుతున్నాడని మాత్రం ఒక్కసారీ రాయలేదు. షికాగోవాళ్లు చూడాలి ఇవన్నీ. కోపంగానే కత్తిరించాను, అంచులు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

ఇక ఆదివారం సంగతి. చర్చిలో తలుపు దగ్గర నిలబడి జనాన్ని లెక్కపెట్టే చేతిమిషను నా దగ్గరే ఉంటుంది కదా, దాన్ని సంచిలో వేసుకెళ్లాను. మనిషికో నొక్కు. చంకపిల్లల్ని వదిలేశాను. మిషను వెయ్యిన్నూట నలభై ఏడు చూపించింది. నీలం టోపీ పెట్టుకున్న తెల్లావిడని రెండుసార్లు నొక్కానని అనుమానం వచ్చి ఒకటి తీసేశాను. వెయ్యిన్నూట నలభై ఆరు. సోమవారం హెరాల్డ్ ఏమందో తెలుసా, "కొన్ని వందలమంది".

మాస్టారు మైకు కూడా తీసుకోలేదు. ఎవరూ ఎత్తకముందే బాయ్‌కాట్ సంగతి తనే ఎత్తాడు. "డెంటన్ కొట్టు మూసిన రోజు ఎదురుగా నేను నిలబడి ఉన్నాను. షట్టరు దిగిన చప్పుడు విన్నాను. ఆ కొట్టులో మా అమ్మని పాతికేళ్లు మిసెస్ అనకుండా ఒట్టి పేరు పెట్టి పిలిచారు. ఆవిడ ఆ ఇంటి చిన్నపిల్లలని కూడా సార్ అంది. అందుకే చేశాం. మళ్లీ చెయ్యాల్సి వస్తే చేస్తాను. కానీ ఆ చప్పుడు నాకు ఇష్టమైందని ఎవరైనా అంటే అది అబద్ధం. ఈ ఊళ్లో ఒక్కొక్కరి చెవిలో ఒక్కో చప్పుడు ఉండిపోయింది. మేయరయ్యేవాడు అన్నీ వినాలి" అన్నాడు.

నీలం టోపీ ఆవిడ ముక్కు చీదుకుంది. నేను చూడనట్టు అటు తిరిగాను. ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు, సంతోషానికి. ఇక హెరాల్డ్ వాళ్లు మారతారు, చూస్తూ ఉండు.

మీ పెద్దమ్మ


షికాగో
ఏప్రిల్ 8

పెద్దమ్మకి,

మూడు కవర్లూ చేరాయి. నిన్న కాగితం ముక్కలు పీకి తేదీలు చూశాం. కూర్చుని రాయలేక నిలబడి రాస్తున్నాను.

ప్రసంగానికి ముందు ప్రతి పది వార్తల్లో ఏడు బాయ్‌కాట్‌తో మొదలయ్యాయి. తర్వాతవి పదిహేడు వచ్చాయి, అందులో మూడే. మిగతావన్నీ దీపాలు, కాలువలు, బడి బస్సులు. ప్రొఫెసర్ గారు నా పట్టికని గోడకి ఆనించి, దూరంగా వెళ్లి చూసి, దగ్గరికొచ్చి చూశారు. "మిస్ గేన్స్, ఇంత స్పష్టంగా వస్తుందని నేననుకోలేదు" అన్నారు. మే పద్దెనిమిదిన నాలుగు రాష్ట్రాల అధ్యాపకుల సభ ఉంది. అందులో ఈ పని గురించి నేనే చదవాలట. స్కాలర్‌షిప్ ఇచ్చే కమిటీవాళ్లు ముందు వరసలో ఉంటారు.

ఒక గడి మాత్రం పైనుంచి కిందదాకా సున్నాలే. మిస్టర్ అన్న మాట. ఊరి చివర కుక్కల్ని పట్టే తెల్లవాడికీ హెరాల్డ్ మిస్టర్ పెడుతుంది. మాస్టారికి ఒక్కసారీ పెట్టలేదు.

చిన్న సందేహం. ముందు నలభై ఒకటి వచ్చాయి, తర్వాత పదిహేడే. ఎన్నికలు దగ్గరపడుతుంటే వార్తలు పెరగాలి కదా. హెరాల్డ్ ఆయన గురించి రాయడం తగ్గించిందా?

నీ జోయెటా


బెల్ ఫెర్రీ
ఏప్రిల్ 15

జోయెటా తల్లికి,

నువ్వు సభలో చదువుతావని చర్చిలో చెప్పాను. పాస్టరు గారు పేరు పెట్టి ప్రార్థన చేశారు. సభకి ఆ గోధుమరంగు గౌను వద్దు, అది వేసుకుంటే జ్వరం వచ్చి లేచినదానిలా ఉంటావు. నీలంది కుట్టి పంపుతాను. నడుము కొలత రాయి, నిజం రాయి.

ఇక్కడ వానలు. ఆకుకూర మడి మునిగింది. ఫ్యాక్టరీలో కొత్త సూపర్‌వైజరు వచ్చాడు, మూత్రానికి వెళ్తే గడియారం చూస్తాడు. మాస్టారు ఇల్లిల్లూ తిరుగుతున్నాడు, చిక్కిపోయాడు. మార్చి ఆఖరులో ఆయన చెప్పుల కొట్టు అద్దం పగలగొట్టారు. పైగా జాలి కోసం తనే పగలగొట్టుకున్నాడని జనం అంటున్నారంటూ హెరాల్డ్ మొదటి పేజీలో రాసింది. ఆ జనం ఎవరో పేర్లు లేవు. అద్దం అమ్మిన మనిషిని అడిగితే చెప్పేవాడు, మాస్టారు ఇంకా పాత అద్దానికే బాకీ తీర్చలేదని.

కొలత మర్చిపోకు. పేపరు సంగతంటావా, పేపరు పేపరులాగే ఉంది.

మీ పెద్దమ్మ


షికాగో
ఏప్రిల్ 19

పెద్దమ్మకి,

అద్దం వార్త నా దగ్గర లేదు.

నువ్వు పంపిన కవర్లన్నీ మళ్లీ బల్ల మీద పరిచి వెతికాను. మొదటి పేజీలో వచ్చిందన్నావు. నువ్వు చూసిన వార్త నాకెందుకు రాలేదు? ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?

కోపంతో అడగటం లేదు. తెలియాలి కాబట్టి అడుగుతున్నాను. వెంటనే రాయి.

జోయెటా


బెల్ ఫెర్రీ
ఏప్రిల్ 24

జోయెటాకి,

ఎన్నని చెప్పను. లెక్కపెట్టలేదు. పెరట్లో చెత్త కాల్చే డ్రమ్ములో వేశాను. ముప్ఫై ఉంటాయేమో, తక్కువైతే ఉండవు.

ప్రసంగానికి ముందువన్నీ పంపాను, ఒక్కటీ దాచలేదు. అప్పుడు అందరూ చూడాలనే పంపాను. ఆ ఆదివారం తర్వాత నాకు మనసు మారింది. ఆ పచ్చికలో ఉన్నదాన్ని నేను. ఆ మాటలు విన్నాక కూడా ఇలాగే రాస్తారని నమ్మబుద్ధి కాలేదు. సోమవారం ఒకటి చూసి, ఇది పాతవాసన, పోతుందిలే అనుకున్నాను. బుధవారం ఇంకొకటి. బాగున్నది వస్తే కత్తిరించి డబ్బాలో పెట్టేదాన్ని, లేనిది డ్రమ్ములోకి. ఆయన మాట ఓడిపోయిందని నా చేత్తో కవర్లో పెట్టి, స్టాంపు అంటించి నీకు పంపడం నా వల్ల కాలేదు. ఇలాంటి రాతలకి దూరంగా ఉంటావనే కదా నిన్ను అంత దూరం పంపింది.

ఇక నా మాట కూడా విను. "నీకు తోచినవి" అని రాశావు. నీ ఉత్తరం నా బైబిల్లోనే ఉంది, మళ్లీ చదివాను. నాకు తోచినవే పంపాను. అన్నీ కావాలి, ఒక్కటి తగ్గినా లెక్క పాడవుతుందని ఒక్క ముక్క రాస్తే నాకు అర్థమయ్యేది కాదా? ఇరవై రెండేళ్లుగా చర్చిలో తలలు లెక్కపెడుతున్నదాన్ని. నాకు నచ్చినవాళ్లనే లెక్కపెట్టలేదే ఎప్పుడూ. నీలం టోపీ ఆవిడకి రెండోసారి పడిన నొక్కు కూడా తీసేశానే.

నాకు శ్రమ అనుకున్నావో, నాకు అర్థం కాదనుకున్నావో, అది నువ్వే చెప్పాలి.

గౌను కుట్టడం అయింది. ఇప్పుడు సభ ఉంటుందో ఉండదో.

పెద్దమ్మ


షికాగో
ఏప్రిల్ 29

పెద్దమ్మకి,

నీకు అర్థం కాదనుకున్నాను.

రెండు రోజులు ఇంకేదైనా సమాధానం రాద్దామని చూశాను, కుదరలేదు. ఇక్కడ మాకు పనికి ముందు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. మొదటి పేజీలో మొదటి వాక్యం: అన్నీ తీసుకోవాలి, ఏరకూడదు. వేరే ఊళ్ల నుంచి కత్తిరింపులు పంపే కాలేజీ పిల్లలందరికీ ఆ వాక్యం రాసి పంపాను. నీకు మాత్రం సులువు చేసి రాశాను. నాకు బడి పుస్తకాలకి అట్టలు వేసిన మనిషికి. తప్పు నాది. నువ్వు ఏరావు, కానీ ఏరమన్నది నేను.

శుక్రవారం ప్రొఫెసర్ గారికి చెప్పాను. ఆయన "సభలో నుంచి తీసేద్దాం. జబ్బు చేసిందని చెప్తాను. ఎవరూ ఏమీ అడగరు" అన్నారు. నా మంచి కోరే అన్నారు. "తీసేస్తే స్కాలర్‌షిప్?" అన్నాను. "మిగతా మార్కులు చూసి ఏమైనా ఇస్తారేమో." "పట్టిక తప్పని నిలబడి చెప్తే?" "అది ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు, మిస్ గేన్స్."

ఇంకా పంతొమ్మిది రోజులు ఉన్నాయి. జనవరి పదిహేను నుంచి మే ఐదు దాకా ప్రతి హెరాల్డూ కావాలి. ఊరి లైబ్రరీకి ఫోన్ చేస్తే బైండింగుకి పంపామన్నారు. హెరాల్డ్ ఆఫీసులో నా పేరు అడిగి, ఎవరి తాలూకు అని అడిగి, పెట్టేశారు.

పెద్దమ్మా, ఒక్క సంచిక కూడా పారెయ్యనివాళ్లు మన ఊళ్లో ఎవరు?

ఈసారి సరిగా అడుగుతున్నాను. ఆయన పేరున్న ప్రతి ముక్కా కావాలి. తిట్టినదీ, పొగిడినదీ, పాఠకుల ఉత్తరాలూ, రెండు లైన్లదైనా సరే. నీకు నచ్చినా నచ్చకపోయినా. ఒక్కటి తగ్గినా మిగతావి పనికిరావు.

నడుము ఇరవై ఆరు. నిజమే రాశాను.

జోయెటా


బెల్ ఫెర్రీ
మే 7

జోయెటా తల్లికి,

ఇరవై ఆరట. ఇరవై ఏడున్నరకి ఎప్పుడో కుట్టేశాను, సరిపోతుంది చూడు.

టెంపీ కోట్స్. మన శవాలన్నిటినీ సాగనంపే టెంపీ. వాళ్లాయన ఉన్నప్పటి నుంచి, ముప్ఫై ఎనిమిదో సంవత్సరం నుంచి, ఒక్క హెరాల్డ్ కూడా పారెయ్యలేదు. మరణ వార్తల కోసం. పొలం తగాదా వచ్చినా, పెన్షను కావాలన్నా, ఎవరెప్పుడు పోయారో కాగితం చూపించమని ఎవరో ఒకరు ఆమె దగ్గరికే వస్తారు. శవపెట్టెలు పెట్టే గది వెనక, నెల నెలకీ ఒక దొంతర, పురికొస కట్టి ఉంది.

కత్తిరిస్తానంటే ఒప్పుకోలేదు. "చచ్చినవాళ్లకి చిల్లులు పెడతావా?" అంది. సగం రోజు బతిమాలాను. చివరికి ఆమె షరతు పెట్టింది: ఏ పేజీ వెనక మరణ వార్త ఉందో ఆ వార్త అక్షరం పోకుండా పుస్తకంలోకి ఎత్తి రాయాలి, ఆ తర్వాతే కత్తెర. అలాగే చేశాం. రాసింది టెంపీ, కోసింది నేను. స్కేలు పెట్టి కోశాను, ఈసారి అంచులు చూడు.

పనిలో ఉండగా అంది, "లూవీనియా, ముప్ఫై ఐదేళ్లలో నా గదిలోకి నడుచుకుంటూ వచ్చి నడుచుకుంటూ వెళ్లేది నువ్వొక్కదానివే." నవ్వలేక చచ్చాను. చచ్చానంటే, "అయితే కొలత తీసుకోనా?" అంది.

అద్దం వార్త దొరికింది. డ్రమ్ములో వేసిన ప్రతిదీ మళ్లీ ఎదురొచ్చింది. కోస్తూ ఒక్కోటీ పైకి చదివాను. మొదటిసారి ఏదీ చివరిదాకా చదవలేకపోయాను. రెండోసారి వట్టి కాగితాలే అనిపించాయి. పాఠకుల ఉత్తరాల పేజీ ఇదివరకు నేను ముట్టుకునేదాన్ని కాదు, తెల్లవాళ్లు కుక్కల గురించి పోట్లాడుకునే చోటని. అది కూడా కోశాం.

మొత్తం నూట పదిహేను. టెంపీ ఒకసారి, నేను ఒకసారి లెక్కపెట్టాం. నేను మిషనుతో.

బాగుందో లేదో నేను చెప్పను. నువ్వే చూసుకో.

మీ పెద్దమ్మ


షికాగో
మే 27

పెద్దమ్మకి,

గౌను సరిపోయింది. నోరు మూసుకుని ఒప్పుకుంటున్నాను.

నూట పదిహేనింటికీ తేదీలు మూసేసి, పక్క బల్ల అమ్మాయి ఒకసారి, నేను ఒకసారి మొదటి నుంచీ గడులు నింపాం. ఆరో రోజున ఒక చిన్న కత్తిరింపు చేతికొచ్చింది. పాఠకుల ఉత్తరం. "కోర్టు ముందు మిస్టర్ మేబ్రీ చెప్పిన షట్టరు మా నాన్నది. ఆ చప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని విషయం. ఆయన మాట్లాడాడు. ఆయన తల్లిని మేము పేరు పెట్టి పిలిచిన మాట నిజం." కింద సంతకం, మిసెస్ ఎలినార్ డెంటన్ హేల్. ఆవిడ రాసిన మిస్టర్‌ని వాళ్లు కొట్టెయ్యలేదు. ఆ గడిలో ఒకటి వేశాను. నా పెన్సిలు ములికి విరిగింది. నీలం టోపీ ఆవిడ ఈవిడేనేమో నాకు తెలియదు, తెలియకుండా రాయను.

కాగితం ముక్కలు పీకాక తేలింది ఇది. హెరాల్డ్ విలేకరుల వార్తలు ప్రసంగానికి ముందు పదింట్లో ఏడు బాయ్‌కాట్‌తో మొదలయ్యాయి. తర్వాతా పదింట్లో ఏడే. ఇసుమంత కూడా కదలలేదు. పాఠకుల ఉత్తరాలు మాత్రం ముందు మూడు, తర్వాత ఇరవై రెండు. అందులో సగానికి పైగా ఆయన చెప్పినదాని గురించే, ఆయనతో వాదించేవాళ్లయినా సరే.

సభలో ముందు తప్పు పట్టిక గోడకి తగిలించాను. "ఇది ఏప్రిల్‌లో నేను చేసింది. ఇది తప్పు. ఎందుకు తప్పో చెప్తాను" అన్నాను. నీ పేరు చెప్పలేదు, నా ఉత్తరంలో నేను రాసిన వాక్యం చెప్పాను. తర్వాత సరైనది తగిలించాను. వెనక నుంచి ఒకాయన లేచి, "అయితే అమ్మాయ్, ప్రసంగం వల్ల ప్రయోజనం లేదని తేల్చావా?" అన్నాడు. "పేపరు రాసేవాళ్లని ఎనిమిది వారాల్లో కదపలేదండీ. పేపరుకి రాసేవాళ్లని కదిపింది. మీరు ఒక్క మొదటి పేజీయే చూస్తే రెండోది కనబడదు" అన్నాను. 

స్కాలర్‌షిప్ ఇంకొకరికి వెళ్లింది. కమిటీలో ఒకరు "నిజాయితీ మెచ్చుకోవాల్సిందే, కానీ పని పద్ధతిలో లోపం జరిగింది" అన్నారట. జరిగింది, నిజమే. రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు లైబ్రరీ పేపర్ల గదిలో సాయంత్రాల ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను, ఇచ్చారు. ఫీజు సగం ప్రొఫెసర్ గారు మాఫీ చేయించారు. జూన్‌లో రావడం లేదు. ఆ మిషను చోటు ఎవరికైనా ఇచ్చెయ్యి.

టెంపీ గారికి నా నమస్కారాలు. ఇంకా కొలతలు తీయవద్దని చెప్పు.

నీ జోయెటా


బెల్ ఫెర్రీ
జూన్ 14

జోయెటా తల్లికి,

మాస్టారు అరవై ఒక్క ఓట్లతో ఓడిపోయాడు. ఆ రాత్రే కొట్టు తెరిచి, ఎవరివో బూట్లకి కొత్త అడుగుతోలు వేస్తూ కూర్చున్నాడు. "డెబ్బై ఏడులో వచ్చే ఎన్నికలు ఎంతో దూరం లేవు, లూవీనియా గారూ. ఈ బూట్లు అప్పటిదాకా ఆగుతాయి" అన్నాడు. హెరాల్డ్ మర్నాడు ఏమని మొదలుపెట్టిందో నీకు చెప్పక్కర్లేదు. కత్తిరించాను, ఇందులో ఉంది.

నీ ఉత్తరం టెంపీకి చదివి వినిపించాను. పేపరుకి రాసేవాళ్లు అన్నచోట ఆగి, "మనమెప్పుడైనా రాశామా?" అంది. లేదన్నాను. ఇంటికొచ్చి రాశాను. నాలుగుసార్లు తిరగరాశాను, నువ్వు పక్కనుంటే తప్పులు దిద్దేదానివి. "మార్చి పదకొండున కోర్టు ముందు కొన్ని వందలమంది ఉన్నారని మీరు రాశారు. నేను మనిషికో నొక్కు నొక్కి లెక్కపెట్టాను. వెయ్యిన్నూట నలభై ఆరు. దయచేసి సరిచేయండి" అని. కింద మిసెస్ లూవీనియా గేన్స్ అని సంతకం చేశాను.

వేశారు. అంకె సరిగ్గా వేశారు, వెయ్యిన్నూట నలభై ఆరు. మిసెస్ తీసేశారు. "లూవీనియా, చొక్కాల ఫ్యాక్టరీ కార్మికురాలు" అని వేశారు. ఇంటిపేరు కూడా లేదు.

మార్చిలో అయితే ఇది డ్రమ్ములోకి వెళ్లేది. ఇప్పుడు స్కేలు పెట్టి కోసి, వెనక తేదీ వేసి, ఇందులో పెట్టాను. అంకె గడిలో నిజం వెయ్యి, మిసెస్ గడిలో సున్నా వెయ్యి. పెద్దమ్మ అని చెయ్యి మొగ్గనివ్వకు.

రెండో ఉత్తరం నిన్న పోస్టు చేశాను. అందులో ఒకే వాక్యం ఉంది, నా పేరు పూర్తిగా వెయ్యమని. ఏమి వేసినా, వెయ్యకపోయినా, పంపుతాను.

మీ పెద్దమ్మ,
మిసెస్ లూవీనియా గేన్స్